ఇంటిపేర్లు మార్చుకున్న వామింట

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా అన్నయ్య కూతురు ఒక ఫొటో పంపింది. గోడవారన మోకాలెత్తు మొక్క, నాలుగు పసుప్పచ్చ పూలు, నిటారుగా నిలబడ్డ సన్నటి కాయలు. కింద ఒక్క లైను: "అత్తా, ఇది అరివెలా విస్కోసా అని ఫోన్ చెబుతోంది. నువ్వేమో నా చిన్నప్పుడు క్లియోమ్ అన్నావు. తప్పు చెప్పావా?"

నేను బోటనీ చదివి బ్యాంకులో చేరినదాన్ని. ఆ చదువుతో నాకు మిగిలిన సంబంధమల్లా ఒకటే. గోడల పక్కన, రోడ్డు అంచున మొలిచిన వాటి పేర్లు ఇంట్లోవాళ్లకి విసుగొచ్చేదాకా చెప్పడం. అదీ తప్పంటే ఊరుకుంటానా? "తప్పు కాదే. అది కుక్కవామింట. పేరు మారింది, అంతే" అని పంపాను. రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది: "ఎవరు మార్చారు? ఎందుకు?"

దానికి ఫోన్లో టైపు చేసే జవాబు నా దగ్గర లేదు. మంచం కిందున్న రేకుపెట్టె బయటికి లాగాను.

పెట్టెలో 1995లో డిగ్రీ ప్రాక్టికల్స్ కోసం చేసిన హెర్బేరియం ఉంది, అంటే మొక్కల్ని ఎండబెట్టి కాగితాలకి అంటించి పేర్లు రాసిన కట్ట. నలభై షీట్లు. కొన్నిటికి ఆకులు రాలి అడుగున పొడి చేరింది. కలరా ఉండల వాసన మాత్రం ఇంకా పోలేదు. వాటిలో ఈ గుంపు మొక్కలు నాలుగు. లేబుళ్ల మీద నా గుండ్రటి చేతిరాత: గైనాండ్రాప్సిస్ గైనాండ్రా, క్లియోమ్ విస్కోసా, క్లియోమ్ సిలియేటా, క్లియోమ్ స్పైనోసా. అప్పట్లో కష్టపడి బట్టీ పట్టిన నాలుగు పేర్లు. ఇప్పుడు చూస్తే ఒక్కటే నిలబడింది. విచిత్రం ఏమిటంటే, నాకు మార్కులు పోయింది కూడా ఆ ఒక్కదానికే.

ఆ కథ చెప్పేముందు ఒక మాట. శాస్త్రీయ నామం అనగానే చాలామంది బెదిరిపోతారు గానీ, తెలుగువాళ్లకి అందులో వింతేమీ లేదు. మనకి ముందు ఇంటిపేరు, తర్వాత అసలు పేరు. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో మొక్కలన్నిటికీ వరసగా వాడిన పద్ధతీ అదే. ముందు ప్రజాతి, తర్వాత జాతి. క్లియోమ్ ఇంటిపేరు, విస్కోసా పేరు. ఈ మొక్కల్లో జరిగిన గొడవలో ముప్పాతిక వంతు ఇంటిపేర్ల గొడవే. అసలు పేరు పట్టుకుని వెతికితే మొక్క ఏ ఇంట్లో ఉన్నా దొరుకుతుంది. ఈ చిట్కా నాకు అప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే చాలా రాత్రుళ్లు నిద్రపోయేదాన్ని.

మార్కుల సంగతికొస్తాను. మొదటి షీట్ వామింట. మా క్లాసు పుస్తకంలో దాని పేరు గైనాండ్రాప్సిస్ పెంటాఫిల్లా. లైబ్రరీలో ఉన్న ఫ్లోరా ఆఫ్ బ్రిటిష్ ఇండియా మొదటి సంపుటంలోనూ అదే పేరు. కానీ ఆ పక్క అరలోనే ఉన్న ఇంకో కొత్త పుస్తకంలో గైనాండ్రాప్సిస్ గైనాండ్రా అని ఉంది. కొత్తది కాబట్టి అదే సరైనదయి ఉంటుందని లేబుల్ మీద రాశాను. ప్రాక్టికల్ పరీక్షకు వచ్చినాయన ఎర్ర పెన్నుతో చుట్టి, "పుస్తకం చూడలేదా?" అని రెండు మార్కులు కోశారు. చూశాను సార్, రెండు చూశాను అందామనుకున్నాను. అనలేదు.

తర్వాత్తర్వాత తీరిగ్గా తవ్వుకుంటే తేలింది ఇదీ. లిన్నేయస్ 1753లో ఈ మొక్కకి క్లియోమ్ గైనాండ్రా అని పేరు పెట్టాడు. పదేళ్లకి, 1763లో తన పుస్తకం రెండో ముద్రణలో అదే మొక్కకి క్లియోమ్ పెంటాఫిల్లా అన్నాడు. పెంటాఫిల్లా అంటే అయిదాకులది. 1824లో డి కాండోల్ అనే వృక్షశాస్త్రవేత్త ఈ మొక్క మిగతా క్లియోమ్‌లలా లేదని దానికి గైనాండ్రాప్సిస్ అని కొత్త ఇంటిపేరు పెట్టి, అసలు పేరుగా పెంటాఫిల్లాను తీసుకున్నాడు. అప్పటికి ఇప్పుడున్నంత గట్టి రూల్స్ లేవు. తర్వాత వచ్చిన రూల్ ప్రకారం ముందు పెట్టిన పేరే చెల్లుతుంది. 1753 ముందా, 1763 ముందా? దాంతో 1914లో బ్రికే అనే స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త దాన్ని గైనాండ్రాప్సిస్ గైనాండ్రాగా సరిచేశాడు. అంటే నాకు మార్కులు పోయేనాటికి ఆ సవరణకి 81 ఏళ్లు. ఆ రెండు మార్కుల మీద నాకు ఇప్పటికీ కక్ష ఉంది, దాచుకోను.

అయితే డి కాండోల్ ఎందుకు వేరు చేశాడో తెలియాలంటే పుస్తకం అక్కర్లేదు. వామింట పువ్వు ఒకటి తెంపి అరచేతిలో పెట్టుకోండి. నాలుగు తెల్లటి రేకులు. ఒక్కొక్కటీ సన్నటి కాడ చివర చెంచాలా విచ్చుకుని ఉంటుంది. వాటి మధ్యలోంచి ఊదా ఛాయ ఉన్న దారం లాంటి కాడ ఒకటి బయల్దేరి, సెంటీమీటరు పైచిలుకు ఏమీ లేకుండా ఖాళీగా పైకి పోతుంది. అక్కడ ఆరు కేసరాలు గొడుగు ఊచల్లా చుట్టూ విచ్చుకుంటాయి. కాడ అక్కడితో ఆగదు. కేసరాల నడిమి నుంచి ఇంకాస్త పైకి పోయి, చివర అండాశయాన్ని మోస్తుంది. మగ భాగాలూ ఆడ భాగాలూ ఒకే స్తంభం మీద రెండంతస్తుల్లో ఉన్నట్టు. గైనాండ్రా అన్న మాటకి మూలం అదే, స్త్రీపురుష భాగాలు కలిసినట్టు కనబడటం. పువ్వు వాడి కాయ ముదిరిపోయాక కూడా ఆ కాడ నడుమ కేసరాలు ఊడిన చోట చిన్న కణుపు మిగులుతుంది. నా షీట్ మీద పువ్వులన్నీ రాలిపోయాయి. లెన్సు పెట్టి చూస్తే ఆ కణుపు మాత్రం అలాగే ఉంది. లేబుల్ చిరిగిపోయినా ఈ మొక్క ఎవరో చెప్పడానికి అదొక్కటి చాలు.

ఇంత స్పష్టంగా తేడా ఉన్నా, 20వ శతాబ్దం రెండో సగంలో చాలామంది దీన్ని మళ్లీ క్లియోమ్‌లో కలిపేశారు. సన్నటి గీత గీసి వేరు చేయడం కన్నా పెద్ద ప్రజాతి ఒకటి పెట్టుకోవడమే నయమనే వాదం. అలా క్లియోమ్ అంటే సుమారు 200 జాతుల పెద్ద ఉమ్మడి కుటుంబం అయిపోయింది. ఈ కలపడం విడదీయడం ఎంతమందికి తలనొప్పి తెచ్చిందో తెలియాలంటే కిరణజన్య సంయోగక్రియ పరిశోధనలు చూడాలి. వామింట సి4 మొక్క. మొక్కజొన్న, చెరకు వాడే పద్ధతినే వాడుతుంది. పైగా ఆవాల కుటుంబానికి దగ్గరి చుట్టం కాబట్టి ల్యాబుల్లో ఎక్కువగా వాడే అరబిడాప్సిస్‌తో పోల్చి చూడటం తేలిక. అందుకే 2005 నుంచి దీని మీద శాస్త్రవేత్తల కన్ను పడింది. అప్పటి వ్యాసాలు చాలావరకు క్లియోమ్ గైనాండ్రా పేరు మీద ఉన్నాయి. 2023లో వచ్చిన జీనోమ్ (మొక్క మొత్తం జన్యు సమాచారం) వ్యాసం గైనాండ్రాప్సిస్ గైనాండ్రా పేరు మీద ఉంది. ఒక పేరుతో వెతికినవాళ్లకి సగం సాహిత్యం కనబడదు. గైనాండ్రా అని ఒక్క అసలు పేరు కొడితే రెండూ వస్తాయి. నా చిట్కా ఇక్కడా పనికొచ్చింది.

ఇక ఫొటోలోని కుక్కవామింట. ఈ మొక్క ఎన్ని ఇళ్లు మారిందో చెబితే మా మేనకోడలు నమ్మలేదు.

విస్కోసా అంటే బంకది. ముట్టుకుంటే తెలుస్తుంది. కాండం, ఆకులు, కాయలు, అన్నిటి మీదా నూగు, ప్రతి వెంట్రుక చివరా ఒక బంకబొట్టు. చేత్తో నలిపితే వేళ్లు అతుక్కుంటాయి, ఆ ఘాటు వాసన సబ్బుకి కూడా తేలిగ్గా లొంగదు. చిన్నచిన్న పురుగులు దాని మీద ఇరుక్కుని ఎండిపోయి ఉంటాయి. నా షీట్ తయారు చేసేటప్పుడు న్యూస్‌పేపర్ల మధ్య పెట్టి పైన డిక్షనరీలు పేర్చాను. వారం తర్వాత తీస్తే పేపర్ మొక్కకి అతుక్కుపోయింది. జాగ్రత్తగా లాగినా కొంత ఊడిరాలేదు. ఇప్పటికీ నా కుక్కవామింట ఆకు మీద "ధరల" అన్న మాట అద్దంలో చూసినట్టు తిరగబడి కనిపిస్తుంది.

లిన్నేయస్ దీనికి ఒకే పుస్తకంలో, ఒకే ఏడాది, రెండు పేర్లు పెట్టాడు. క్లియోమ్ విస్కోసా, క్లియోమ్ ఐకోసాండ్రా. రెండోదానికి అర్థం ఇరవై కేసరాలది. మొక్కలు వేరనుకున్నాడు, కావు. వామింటకి కేసరాలు ఆరే ఉంటాయి కదా, దీనికి అంతకన్నా బాగా ఎక్కువ ఉంటాయి. మా మేనకోడలు పంపిన ఫొటో పెద్దది చేసి లెక్కపెడితే ఒక పువ్వులో 14 వచ్చాయి, పక్క పువ్వులో 16. పైగా వామింటలో ఉన్న ఆ పొడుగాటి స్తంభం దీంట్లో లేదు. కేసరాల సంఖ్య చూసే డి కాండోల్ దీన్ని పొలనీసియాలోకి మార్చాడు. తర్వాతివాళ్లు కొందరు మళ్లీ క్లియోమ్‌లోకి తెచ్చారు. పొలనీసియా దశలోని పాత పుస్తకాల్లో మీకు పొలనీసియా ఐకోసాండ్రా అని కనబడితే కంగారు పడకండి, అది మన కుక్కవామింటే. ఇక్కడ మాత్రం నా చిట్కా పారదు, ఇంటిపేరూ పేరూ రెండూ మారాయి.

అరివెలా అన్న పేరు వెనక ఉన్న మనిషి రఫీనెస్క్. కాన్‌స్టాంటినోపుల్ దగ్గర పుట్టి, అమెరికాలో స్థిరపడి, కంటికి కనబడిన ప్రతి మొక్కకీ జంతువుకీ పేరు పెట్టుకుంటూ పోయినాయన. మొక్కలకే వేలకొద్దీ పేర్లు పెట్టాడు. తోటి శాస్త్రవేత్తలకి ఆయనంటే చిరాకు. సగం పేర్లు అనవసరమైనవని, ఇంకొన్ని తొందరపాటువని పక్కన పెట్టేశారు. నిజం చెప్పాలంటే ఆ చిరాకు అన్యాయం కూడా కాదు. 1838లో ఆయన రాసిన ఒక్క పుస్తకంలోనే, ఒకటి రెండు పేజీల వ్యవధిలో క్లియోమ్‌ని ముక్కలు చేసి అరివెలా, టారెనయా, సీరుయెలా అన్న ప్రజాతులు పెట్టాడు. పొలనీసియా కూడా 1819లో ఆయన పెట్టిందే. నూటయాభై ఏళ్లకి పైగా వాటిలో చాలా పేర్లని ఎవరూ ముట్టుకోలేదు. తర్వాత డీఎన్‌ఏ చూసి క్లియోమ్‌ని నిజంగానే ముక్కలు చేయాల్సొచ్చినప్పుడు, ప్రతి ముక్కకీ పాత పేరు ఉందా అని వెతికితే, ప్రతిచోటా ముందే ఈయన వచ్చి సంతకం పెట్టి వెళ్లినట్టు తేలింది.

అరివెలా అన్న మాటైతే రఫీనెస్క్ సృష్టించింది కూడా కాదు. డచ్చివారి మలబారు గవర్నరు వాన్ రీడ్ 1678 నుంచి 1693 దాకా పన్నెండు సంపుటాల్లో అచ్చయిన హోర్టస్ మలబారికస్‌లో ఈ మొక్క బొమ్మ వేయించి, కింద మలయాళ పేరు "అరియ వీల" అని రాయించాడు. అది ముందు లిన్నేయస్ దగ్గరికి, అక్కణ్నుంచి రఫీనెస్క్ దగ్గరికి చేరి లాటిన్ తోక తగిలించుకుంది. అంటే ఫోన్‌లో కనబడి మా మేనకోడల్ని తికమక పెట్టిన "కొత్త" పేరు, మన పక్క భాషలో దానికున్న పాత పేరే. ఇది చెప్పగానే ఆ పిల్ల, "అయితే క్లియోమే కొత్త పేరన్నమాట" అంది. అలా అంటే నాకు వెంటనే జవాబు తోచలేదు.

ఇక్కడితో అయిపోతే బాగానే ఉండేది. 2014లో కాక్రన్, ఇల్టిస్ అనే ఇద్దరు ఇంకో మాట అన్నారు. మన దేశపు చెరువు గట్ల మీద, వరి మళ్లలో గులాబీ రంగు పూలతో ఒక క్లియోమ్ ఉంటుంది, క్లియోమ్ చెలిడోని. దాని కేసరాలు పైకి పోయేకొద్దీ లావెక్కి గదలా ఉంటాయి. అలాంటి మొక్కలకి 1820లలోనే కొరినాండ్రా అని ప్రజాతి పేరు పెట్టి ఉంది. కొరినాండ్రా అంటే గద కేసరాలని అర్థం. వీళ్లిద్దరి వాదన ఏమిటంటే, కొరినాండ్రా, అరివెలా రెండూ ఒకటే ప్రజాతి. ఒకటే అయితే 1838 నాటి అరివెలా కన్నా అంతకు ముందున్న కొరినాండ్రా పేరే చెల్లాలి. దాంతో మన కుక్కవామింట కొరినాండ్రా విస్కోసా అయింది.

నేను ఆ సంగతి 2016లో చదివాను. చదవగానే ఉత్సాహం ఆగక షీట్ తీసి, పాత లేబుల్ పక్కన చీటీ అంటించి, మంచి ఇంకు పెన్నుతో కొరినాండ్రా విస్కోసా అని రాశాను. 2017లో బారెట్, మరికొందరు కలిసి ఆసియా, ఆస్ట్రేలియా జాతుల డీఎన్‌ఏ పరీక్షించి, కొరినాండ్రా వేరు, అరివెలా వేరు అని తేల్చారు. గులాబీది కొరినాండ్రాలో ఉండిపోయింది, కుక్కవామింట తిరిగి అరివెలాకి వచ్చింది. నా ఇంకు ఆరి ఏడాది కూడా కాలేదు.

ఇల్టిస్ గురించి ఒక పక్క మాట చెప్పాలి. ఈయన జీవితమంతా ఈ కుటుంబం మొక్కలతో గడిపాడు. కానీ బయటివాళ్లకి తెలిసింది మొక్కజొన్న పూర్వీకుల మీద చేసిన పని వల్ల. ఆయన తండ్రి హ్యూగో ఇల్టిస్ మెండెల్ జీవిత చరిత్ర రాసిన మొదటి మనిషి. బఠానీలతో జన్యుశాస్త్రం మొదలుపెట్టిన సన్యాసి కథ చెప్పినాయన కొడుకు, ఆ శాస్త్రం పుణ్యమాని వచ్చిన డీఎన్‌ఏ పరీక్షలకి తన ప్రజాతుల్ని అప్పజెప్పాల్సి రావడం నాకు భలే అనిపిస్తుంది. ఆయన 2016లో పోయారు. బారెట్ వ్యాసం చూడలేదు.

బ్రాకెట్ల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. పూర్తి పేరు రాస్తే అరివెలా విస్కోసా (లి.) రాఫ్. అని ఉంటుంది. విస్కోసా అని మొదట పేరు పెట్టింది లిన్నేయస్, దాన్ని ఈ ఇంటికి తెచ్చింది రఫీనెస్క్ అని దానర్థం. బ్రాకెట్ కనబడిందంటే మొక్క ఇల్లు మారిందన్నమాట. బ్రాకెట్ లేకపోతే పుట్టింట్లోనే ఉన్నట్టు. డిగ్రీలో ఇవన్నీ మేం కామాలు ఫుల్‌స్టాపులతో సహా బట్టీ పట్టాం. దేనికో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

కుటుంబం పేరు మారిన సంగతి త్వరగా కానిస్తాను. మాకు చెప్పింది కాపరిడేసి. 1998లో ఏపీజీ అనే శాస్త్రవేత్తల బృందం దాన్ని ఆవాల కుటుంబంలో కలిపేసింది. 2002లో హాల్, మరో ఇద్దరు డీఎన్‌ఏ చూసి, ఈ వామింట గుంపు పాత కాపరిడేసిలోని చెట్లూ పొదలకన్నా ఆవాలకే దగ్గర అని చూపించారు. 2009లో ఏపీజీ మూడింటినీ మూడు కుటుంబాలుగా విడదీసింది. ఇప్పుడు వీటిది క్లియోమేసి. ఇందులో నాకు అభ్యంతరం ఏమీ లేదు. వామింట కాయ ఎండాక ఒలిచి చూస్తే ఆవకాయే గుర్తొస్తుంది, కాకపోతే ఆవకాయలో ఉండే మధ్య పొర ఇందులో ఉండదు. (ఆవకాయ అంటే ఆవాల మొక్క కాయ అని నా ఉద్దేశం. రాశాక నాకే నవ్వొచ్చింది.)

"అన్నిటినీ క్లియోమ్ నుంచి పంపేస్తే మరి క్లియోమ్ ఎవరు?" అని అడిగింది మా పిల్ల. మంచి ప్రశ్న. ఉమ్మడి కుటుంబం విడిపోతే ఇంటిపేరు ఎవరికి పోవాలన్నదానికి ఇక్కడ ఒక రూల్ ఉంది. ప్రతి ప్రజాతికీ ఒక జాతిని టైప్‌గా పెడతారు. ఆ జాతి ఏ ముక్కలో పడితే ఇంటిపేరు ఆ ముక్కది. ఎక్కువమంది ఎటున్నారు, ఎవరు ఎక్కువ ప్రసిద్ధులు అన్న లెక్క ఉండదు. క్లియోమ్‌కి టైప్ క్లియోమ్ ఆర్నితోపోడియోయిడిస్, తూర్పు మధ్యధరా ప్రాంతపు చిన్న మొక్క. నేను ఎప్పుడూ చూడలేదు. అది ఉన్న గుంపుకి క్లియోమ్ పేరు మిగిలింది. వామింట, కుక్కవామింట దానికి దూరపు చుట్టాలుగా తేలాయి కాబట్టి పేరు వదులుకున్నాయి.

ఈ రూల్‌కి మినహాయింపు ఉంటుందని తుమ్మ విషయంలో చూశాం. అకేసియాకి టైప్ మన తుమ్మే. రూల్ ప్రకారం విడిపోతే అకేసియా పేరు తుమ్మకి దక్కాలి. కానీ ఆస్ట్రేలియాలో తొమ్మిది వందలకి పైగా జాతుల పేర్లు మార్చాల్సొస్తుందని, 2005లో వియన్నాలో జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర మహాసభలో టైప్‌నే మార్చేశారు. 2011లో మెల్‌బోర్న్‌లో మళ్లీ గొడవ జరిగినా అదే ఖాయమైంది. తుమ్మ వాచెలియా నైలోటికా అయింది. న్యాయమా అంటే, నాకు ఇప్పటికీ మనసొప్పదు. క్లియోమ్ కోసం అంత గొడవ పడేవాళ్లు ఎవరూ లేరు. కలుపు మొక్కలకి లాబీ ఉండదు.

మూడో షీట్ తొందరగా తేలింది. నీలి ఊదా పూల చిన్న మొక్క, మూడేసి పత్రకాలు, నేలబారుగా పాకుతుంది. ఆఫ్రికా నుంచి వచ్చి ఇప్పుడు ఉష్ణదేశాల్లో ఇంటింటి గోడకీ ఉంది. నేను రాసిన క్లియోమ్ సిలియేటా కన్నా కొన్నేళ్ల ముందే, 1824లో, డి కాండోల్ దానికి క్లియోమ్ రుటిడోస్పెర్మా అని పేరు పెట్టి ఉన్నాడు. కాబట్టి సిలియేటా చెల్లదు. రుటిడోస్పెర్మా అంటే ముడతల గింజది. షీట్ మూలనున్న కవర్లో నాలుగు గింజలు దొరికాయి. లెన్సు కింద చూస్తే చుట్ట చుట్టుకున్న నత్తలా, ఒంటి నిండా ముడతలు. పచ్చిగా ఉన్నప్పుడు ఆ గింజకి తెల్లటి కండ ఒకటి అంటుకుని ఉంటుంది. చీమలు దానికోసమే గింజను మోసుకుపోయి కొత్తచోట పడేస్తాయి. గోడ పగుళ్లలో ఈ మొక్కలు వరసగా మొలవడానికి కారణం ఎక్కువగా చీమలే. 2017లో రోల్సన్, హాల్ ఆఫ్రికా జాతుల్ని సర్దినప్పుడు ఇది సీరుయెలా రుటిడోస్పెర్మా అయింది. సీరుయెలా ఎవరిదో చెప్పక్కర్లేదనుకుంటాను.

నాలుగోది తోటల్లో పెంచే సాలెపురుగు పువ్వు. అడవి పువ్వు కాదు, మా కాలేజీ పూలమడి నుంచి తోటమాలి చూడకుండా కోసుకొచ్చింది. క్లియోమ్ స్పైనోసా అని రాశాను, ఎందుకంటే మడి ముందు రేకు పలక మీద అలాగే ఉంది. తోటల్లోనూ విత్తనాల పొట్లాల మీదా దశాబ్దాలుగా ఇదే తప్పు. అసలు స్పైనోసా వేరే మొక్క. తోటల్లో గులాబీ రంగులో గుత్తులుగా పూసేది సాధారణంగా హాస్లెరియానా, ఇల్టిస్ 2007లో దాన్ని టారెనయాలోకి తెచ్చాడు. 2013లో జీనోమ్ వచ్చినప్పుడు అది టారెనయా హాస్లెరియానా పేరు మీదే వచ్చింది. ఇదే పోలికలో ఇంకో తోట మొక్క కూడా ఉంది, దాన్ని అదే ఏడాది క్లియోసెరాటా అనే కొత్త ప్రజాతిలో పెట్టాడు. పత్రకాల అంచులు రంపంలా ఉంటాయని ఆ పేరు. దానికి ముళ్లు ఉండవు.

నాది ఏది? ఆకులన్నీ ఎండి చుట్టుకుపోయాయి, అంచులు తెలియడం లేదు. పూల రంగు గోధుమరంగుకి తిరిగింది. నోట్సులో రంగు రాసుకోలేదు. హెర్బేరియంలో మొదటి పాఠమే అది, ఎండితే పోయేవన్నీ అప్పుడే రాసుకోవాలని. అప్పుడు కళ్లు మూసుకుని ఆకు తొడిమ మొదట్లో వేలితో నెమ్మదిగా తడిమాను. చిన్నగా గుచ్చుకుంది. ఇంకో తొడిమ దగ్గర రెండు, వంకరగా, మిల్లీమీటరు రెండు మిల్లీమీటర్లు. ముళ్లున్నాయి కాబట్టి క్లియోసెరాటా కాదు. స్పైనోసాయా హాస్లెరియానాయా అన్నది ఈ షీట్ తేల్చదు. "టారెనయాలో ఏదో జాతి, పూల రంగు తెలియదు" అని రాసి వదిలేశాను. అలా రాయడం కొంచెం సిగ్గుగానే ఉంది, కానీ ఊహించి రాయడం కన్నా మేలు.

సాయంత్రానికి మేనకోడలు మళ్లీ ఫోన్ చేసింది. అంతా చెప్పాను. మొదట్లో "అవునా" అంది, తర్వాత చాలాసేపు "ఊఁ" అంది. చివరికి అడిగింది: "అత్తా, వామింట, కుక్కవామింట అని మనవాళ్లు రెండింటినీ ఒకే ఇంటిపేరు కింద పెట్టారు కదా. మరి మనదీ తప్పేనా?"

డీఎన్‌ఏ లెక్కన తప్పే. తమిళంలో ఇదే కుక్కవామింటని నాయ్‌కడుగు అంటారు, కుక్క ఆవాలని. వాళ్లు కుక్కని ఆవాల పక్కన పెట్టారు, మనం వామింట పక్కన పెట్టాం. ఎవరి కంటికి ఏది దగ్గరగా తోస్తే అది. పువ్వులో స్తంభం, కేసరాల లెక్క ఎవరూ చూడలేదు. అయిదేసి పత్రకాల ఆకు, ఘాటు వాసన, సన్నటి కాయ చూశారు. లిన్నేయస్ చూసిందీ ఇంచుమించు అంతే, రెండింటినీ క్లియోమ్‌లోనే పెట్టాడు. "తప్పే గానీ నేను మార్చను" అన్నాను. "అయితే ఫోన్ చెప్పిందే కరెక్టు" అంది ఆ పిల్ల. పెట్టేసింది.

హెర్బేరియంలో పాత లేబుల్ చింపకూడదు, కొట్టేయకూడదు. కొత్త పేరుని వేరే చీటీ మీద రాసి, ఏడాది వేసి, పక్కన అంటించాలి. తర్వాతివాళ్లకి ఎవరు ఎప్పుడు ఏమనుకున్నారో తెలియాలి. రాత్రి కూర్చుని చీటీలు కత్తిరించాను. వామింట షీట్‌కి ఏమీ అక్కర్లేదు, ఎర్ర సున్నాతో సహా అలాగే ఉంచాను. నీలిదానికి ఒకటి, తోటదానికి ఒకటి. కుక్కవామింట షీట్ మీద ఇప్పుడు క్లియోమ్ లేబుల్, దాని పక్కన కొరినాండ్రా చీటీ, కింద అరివెలా చీటీ. ఇంకొకటి పట్టడానికి వేరు పక్కన రెండంగుళాల జాగా మిగిలింది.